ఆరుద్ర పురుగుకు నీటిలో చుట్టం

సందేహం: మాది ఉప్పల్. తెలుగు మీడియం డిగ్రీ పిల్లలకు జువాలజీ నోట్సు రాస్తున్నాను. చెరువు నీటిలో ఈదే మైట్స్‌ను 'నీటి కీటకాలు' అనవచ్చా, 'నీటి నల్లులు' అనాలా? స్పీషీస్‌కు 'రకం' సరిపోతుందా?

సమాధానం: కీటకం వద్దమ్మా. వెనక ఏ చిన్న ప్రాణినైనా కీటకమనేవారు గానీ, ఇప్పుడు మీ శాస్త్రమే ఆ మాటను ఆరు కాళ్లవాటికి కేటాయించింది. ఇవి ఎదిగాక ఎనిమిది కాళ్లవి, సాలీడు వైపువి. నల్లి బాగుంటుంది. రైతులు కూరగాయల్లో ఎర్రనల్లి, వరిలో కంకినల్లి అనేది మైట్స్‌నే. మంచంలో కుట్టే నల్లి వేరు, మన హైదరాబాదు మటన్ కొట్లో అడిగే నల్లి బొక్క వేరు.

కానీ నాకు ప్రాణమైన మాట ఇంకొకటుంది, ఆరుద్ర. జూన్ 22 ప్రాంతంలో ఆ కార్తె వస్తుంది, వానకు తడిసిన నేల మీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కలా ఆరుద్ర పురుగు పాకుతుంది. అదీ మైటే, మీ నీటి ప్రాణులకు దగ్గరి చుట్టం. రెండింటి పిల్లలూ ఆరు కాళ్లతో పుట్టి ఏదో ఒక కీటకాన్ని పట్టుకుని దాని రసం పీల్చి బతుకుతాయి. ఆర్ద్ర అంటే తడిసినది. గాలిలో తేమ ఆర్ద్రత, మనసు కరిగినా ఆర్ద్రతే. ఆ 'ర్ద్ర' నోరు తిరగక మనవాళ్లు మధ్యలో ఒక ఉకారం చేర్చి ఆరుద్ర అన్నారు, రత్నాన్ని రతనం అన్నట్టు, అంతకు ముందు కార్తె మృగశిరను తెలంగాణ పల్లెల్లో మిరుగం అన్నట్టు. స్వరభక్తి అంటే ఇదే. ఈ పురుగే సంస్కృతంలో ఇంద్రగోపం, లలితా సహస్రనామం చదివే ఇళ్లలో వినిపించే మాట. ఇంత ఉండగా ఇప్పుడు ఫోటో తీసి 'రెడ్ వెల్వెట్ మైట్' అని రాసుకుంటున్నారు, ఇంట్లో అమ్మమ్మను ఒక్కసారి అడగరు!

మరి 'నీటి ఆరుద్ర' అందామా? అర్థం కలుస్తుంది గానీ ఇవన్నీ ఎర్రనివి కావు, పచ్చవీ నీలివీ ఉన్నాయి. నోట్సులో నీటి నల్లి అనే రాయండి, ఎర్రవాటి దగ్గర ఆరుద్రను తలవండి.

ఇక రకం. ఉర్దూ నుంచి వచ్చింది, బియ్యానికి, చీరలకు చక్కగా సరిపోతుంది. అర్రెనూరస్ అనే నీటి నల్లిలో మగదానికి వెనక తోకలా సాగి ఉంటుంది, ఆడది గుండ్రం. చూపుకు రెండు రకాలు, జాతి ఒకటే. అచ్చం ఒకేలా కనిపించే రెంటిని మైక్రోస్కోపు కింద పెట్టి కాళ్ల మొదళ్లలోని పలకలు, నోటి పక్కనుండే అయిదు కణుపుల పాల్పు, జననాంగం దగ్గర గిన్నెల్లాంటి బొడిపెలు ఎన్నో చూస్తే వేరు జాతులని తేలవచ్చు. కాబట్టి స్పీషీస్‌కు జాతి, జీనస్‌కు ప్రజాతి. 'అయిదు రకాల జాతులు' అని మాత్రం రాయకండి, అయిదు జాతులంటే చాలు. జాతి అనగానే కులమో దేశమో గుర్తొస్తుందని స్పీషీస్ అనే ఉంచేవారున్నారు, వారిని తప్పుపట్టలేను. నేనైతే జాతి అనే రాస్తాను.