కరెంటు పని మొదలుపెట్టే ముందు అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

తిరుపతిలో కొన్న పాత ఇంటికి వైరింగు నువ్వే చేసుకుంటానన్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో గర్వం దాగలేదు. నాకూ సంతోషం వేసింది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా కరెంటు స్తంభాల మీదే గడిపినవాణ్ణి, భయం ఎలా పోతుంది?

చేతులు పొడిగా ఉంచుకో, రబ్బరు చెప్పులు వేసుకో, ఐఎస్ఐ గుర్తు లేని తీగ కొనకు, ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు పని పెట్టుకోకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ నాన్న కుడి అరచేతిలో, బొటనవేలి కింద, మెరుస్తూ ఉండే తెల్ల మచ్చ చూశావు కదా? సైకిల్ చైనులో వేలు పడిందని చెప్పి ఉంటాడు. అది కరెంటు కాల్చిన మచ్చ. నీకు చెప్పినందుకు వాడికి కోపం వస్తుంది, రానీ.

అప్పట్లో చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో అద్దెకుండేవాళ్లం. వాడు కాలేజీ కుర్రాడు. హాల్లో ఫ్యాను కీచుమంటోందని, దించి నూనె వేద్దామని స్టూలెక్కాడు. స్విచ్చి ఆపాడు, ఫ్యాను ఆగింది. ఇంకేం కావాలనుకున్నాడు. ఎడమ చేత్తో శ్లాబు కొక్కెం పట్టుకుని, కుడి చేత్తో తీగ కొస విప్పబోయాడు. నోరు తెరిచాడు, అరుపు రాలేదు. తీగ వదల్లేదు. వదలలేడమ్మా, కరెంటు కండరాలను బిగించేస్తుంది, పట్టుకున్న చెయ్యి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఒక చేతి నుంచి రెండో చేతికి పోయే కరెంటు గుండె మీదుగానే పోవాలి. నేను వాడిని ముట్టుకోకుండా మీటరు దగ్గరికి పరుగెత్తి ఫ్యూజు లాగేశాను. స్టూలు మీద నుంచి పడ్డాడు. ఊపిరి అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో, మీ నానమ్మ వాడి పాదాలు రుద్దుతూ ఎన్ని దేవుళ్లకు మొక్కిందో చెప్పలేను.

కారణం తర్వాత విప్పి చూస్తే తెలిసింది. కూలి మిగులుతుందని ఇంటాయన తన బంధువుతో వైరింగు చేయించాడట. కరెంటు తెచ్చే ఫేజు తీగ స్విచ్చికి వచ్చి, అక్కడి నుంచి ఫ్యానుకు పోవాలి. ఆ మనిషి ఫేజును నేరుగా ఫ్యానుకిచ్చి, కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ తీగను స్విచ్చికి కట్టాడు. అలా కట్టినా స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది. ఏళ్ల తరబడి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆపిన తర్వాత కూడా 230 వోల్టులు ఫ్యాను దాకా వచ్చి ఉంటాయి.

నువ్వు కొన్నదీ పాత ఇల్లే. అందులో ఎవరెవరు ఏం కట్టారో గోడలకే తెలుసు. అందుకని స్విచ్చిని నమ్మకు. మెయిన్ ఆపు. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపు. మెయిన్ ఆపినా దాని లైనులో కరెంటు పోదు, ఈ సంగతి మరిచిపోయేవాళ్లే ఎక్కువ. టెస్టరును ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మెయిన్ ఆపి తీగ మీద పెట్టు. చెడిపోయిన టెస్టరు కూడా వెలగదు మరి.

2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా కాలనీలు మునిగాయి. మీ వీధిలోకి నీళ్లు వచ్చాయేమో ఇరుగుపొరుగును అడుగు. వచ్చి ఉంటే కింది బోర్డులన్నీ విప్పించు. తీగ కొస గీకితే రాగి మెరవాలి. నల్లగానో పచ్చగానో ఉంటే మార్పించడమే.

గీజరుకు లైట్ల లైనులోంచి తీగ లాగాలనుకుంటున్నావట. వద్దు తల్లీ. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి బోర్డు నుంచి విడిగా లైను ఉండాలి, తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 4 అయితే నాకు ఇంకా నిశ్చింత. ఆకుపచ్చ ఎర్త్ తీగ లేని స్నానాలగది గీజరంటే నాకు పాము కంటే భయం. ఇంకొకటి, కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చి ఎంసీబీ కాపాడేది తీగను. మనిషి ప్రాణం కోసం, కరెంటు కాస్త పక్కకు కారినా లైను కోసేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు, దాని మీదున్న టెస్ట్ బొత్తాం అప్పుడప్పుడు నొక్కి చూస్తుండు.

బల్బులు, ఫ్యాన్లు, స్విచ్చులు పాడైతే నువ్వే మార్చుకో, నిబంధనలూ ఒప్పుకుంటాయి. కొత్త లైన్లు లాగే పని మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరుదే. నీ చదువు వృథా పోదులే. పక్కన నిలబడి ప్రతి జాయింటూ చూడు, ఏ తీగ ఎటు పోయిందో కాగితం మీద గీసుకో. ఎందుకలా కట్టావని అడుగు. విసుక్కునేవాడైతే మార్చెయ్.

ఆదివారం పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి వస్తాను. మీ పెద్దమ్మ నీకోసం పెట్టిన మాగాయ జాడీ కూడా తెస్తాను. నేను వచ్చేదాకా బోర్డు మూత తీయకు.

మీ పెదనాన్న