తెలుగు తరగతికి మూడుల్ దేనికి, వాట్సాప్ గ్రూపు చాలదా?

ప్రవాసుల పిల్లలకు నడిపే వారాంతపు తెలుగు తరగతికి మూడుల్ లాంటి, అంటే పాఠాలు, పరీక్షలు, చర్చలు ఇంటర్నెట్‌లో ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ దేనికి, వాట్సాప్ గ్రూపు చాలదా అని అడిగారు. చాలదు. అయితే అందరూ చెప్పే కారణం, అంటే పరీక్షలను కంప్యూటరే దిద్దిపెడుతుందన్నది, నా దృష్టిలో భాష విషయంలో ఎందుకూ కొరగాదు.

నేను టెక్సాస్‌లో అలాంటి తరగతికే పాఠాలు చెబుతున్నాను. మా నిర్వాహకులు ఎవరో తయారుచేసిన ప్రశ్నలను తెచ్చి మూడుల్‌లోకి ఎక్కించి, ప్రతి వారం పరీక్ష పెట్టమన్నారు. 'నిన్న మా ఇంటికి చుట్టాలు...' అన్న ఖాళీని జగిత్యాల కుటుంబానికి చెందిన ఒక పాప 'వచ్చిండ్రు' అని పూరించింది. ఇంట్లో రోజూ వినే మాటే రాసింది. తెర మీద ఎర్రటి ఇంటూ గుర్తు, పక్కన సున్నా ప్రత్యక్షమయ్యాయి. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మగారు ఫోన్ చేసి, "మేం ఇంట్ల మాట్లాడేది తెలుగు కాదా మేడం?" అని అడిగారు. జవాబు చెప్పవలసింది ఆ ప్రశ్న రాసినవారు. కానీ ఆమె దగ్గర ఉన్నది నా నంబరే.

పొట్టి జవాబు ప్రశ్నల్లో మూడుల్ అర్థాన్ని చూడదు, అక్షరాలను పోల్చి చూస్తుంది. 'తమ్ముడికి', 'తమ్మునికి' రెండూ ఒప్పే అయినా, ప్రశ్న రాసినవారు రెండింటినీ నమోదు చేయకపోతే ఒకటి తప్పవుతుంది. అదనపు జవాబులు చేర్చి, రాసేసిన పరీక్షలను మళ్ళీ దిద్దించే సదుపాయం ఉంది కనుక ఆ రాత్రే 'వచ్చిండ్రు', 'వచ్చినారు' చేర్చి మార్కులు సరిచేశాను. అయినా ఇన్ని జిల్లాల పలుకుబడిని ముందే ఊహించి ఎవరు నమోదు చేయగలరు? పిల్లవాడు నాయనమ్మతో నాలుగు మాటలు మాట్లాడగలుగుతున్నాడా అని కాక, ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రమే అడిగే తల్లిదండ్రుల సంగతి సరేసరి.

నిజానికి 2002లో మూడుల్‌ను విడుదల చేసిన ఆస్ట్రేలియావాసి మార్టిన్ డూగియామస్, నలుగురు చూసేలా ఏదో ఒకటి తయారుచేస్తూ మనుషులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారన్న ఆలోచన మీద దాన్ని నిర్మించారు. 2018లో వచ్చిన 3.5 కూర్పు నుంచి జవాబు రాసే పెట్టెలోనే గొంతు రికార్డు చేసే మీట కూడా ఉంది. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, ఊరి కబుర్లు కనుక్కుని, వాటిని తమ మాటల్లో రికార్డు చేయమని పిల్లలకు చెబుతాను. చర్చా వేదికలో ఒక రకం ఉంది: తన జవాబు పెట్టేవరకు పిల్లవాడికి మిగతావారివి కనిపించవు, కాబట్టి పక్కవారిది విని అప్పజెప్పే వీలుండదు.

ఒక బాబు సెప్టెంబరులో "మా తాతయ్యకు కల్లు ఆపరేషన్ అయింది" అని రికార్డు చేశాడు. సంక్రాంతి సెలవుల తర్వాత దాన్నే తిరిగి వినిపిస్తే, నేను నోరు తెరవకముందే వాడు పకపకా నవ్వి, "కళ్ళు, కళ్ళు" అని దిద్దుకున్నాడు. అదే రికార్డింగు వాట్సాప్‌లో ఉండి ఉంటే దసరా, దీపావళి శుభాకాంక్షల అడుగున ఎక్కడో పడి ఉండేది. మూడుల్‌లో అది వాడి పేరు మీద, ఆ వారపు పాఠం కింద, పెట్టినచోటే ఉంది.

వారం వారం ఆ రికార్డింగులన్నిటినీ కూర్చుని వినే ఓపిక ఉన్న ఉపాధ్యాయులు మీకు లేకపోతే మాత్రం వాట్సాప్ గ్రూపే నయం. మూడుల్ ఉచితమే అయినా సర్వర్ అద్దె ఉచితం కాదు.