వారం లెక్క జాగ్రత్త, బుజ్జమ్మా

కొర్లగుంట, తిరుపతి

చిరంజీవి బుజ్జమ్మకు మామయ్య ఆశీస్సులు.

లాడ్జి బుకింగ్ వెబ్‌సైటు నువ్వొక్కదానివే రాస్తానని ఒప్పుకున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో కాసేపు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. మన ఊరికొచ్చేవాళ్లు వారం చూసుకునే బయల్దేరతారు. గురువారం స్వామి నేత్రదర్శనం కోసం కొందరు, శుక్రవారం అభిషేకానికి టికెట్ దొరికిందని కొందరు. ఒక్క రోజు అటూ ఇటూ అయితే వాళ్ల యాత్రంతా చెడుతుంది.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. వెబ్‌సైటు రాసే జావాస్క్రిప్టు భాషలో వారాన్ని అంకెగా చెప్పే గెట్‌డే ఆదివారానికి 0 ఇస్తుంది, శనివారానికి 6. నెలలు కూడా సున్నా నుంచే, మార్చి అంటే 2. రాబోయే శుక్రవారం కావాలంటే 5లోంచి ఈరోజు అంకె తీసేసి, 7 కలిపి, 7తో భాగించి శేషం తీసుకో, ఈరోజుకు అన్ని రోజులు కలపాలి. ఆ 7 కలపడం మరిచావంటే శనివారం నాడు మైనస్ 1 వస్తుంది, అంటే నిన్నటి శుక్రవారం. శేషం సున్నా అయితే ఈరోజే శుక్రవారం. అప్పుడు ఈరోజు ఇవ్వాలా, వచ్చే వారమా అన్నది నువ్వు తేల్చకు, లాడ్జి ఓనర్ని అడుగు. రోజులు కలిపే సెట్‌డేట్ అసలు తేదీనే మార్చేస్తుంది కాబట్టి చెకౌట్ లెక్కకు కాపీ తీసుకో.

ఇప్పుడు నా భయం వినమ్మా. నేను లెక్కలు చూసిన ఒక లాడ్జికి తెలివైన కుర్రాడే ఇలాంటి సైటు రాశాడు. మొదలుపెట్టిన వారంలోనే, ఒక శుక్రవారం తెల్లవారుజామున, శ్రీకాకుళం నుంచి ముసలి దంపతులు దిగారు. మా రిజిస్టర్లో వాళ్ల పేరు గురువారం కింద ఉంది. రాలేదనుకుని గది వేరేవాళ్లకు ఇచ్చేశారు, ఇంకొకటి ఖాళీ లేదు. "మా అబ్బాయి శుక్రవారానికే చేశాడు బాబూ" అని ఆయన పదేపదే చెబుతున్నాడు. కౌంటర్ దగ్గరున్నవాళ్లు మీ అబ్బాయే తప్పు నొక్కి ఉంటాడని కసిరారు. ఆమె సంచుల మీదే కూలబడింది. ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చాను. మీ అత్తయ్య నీళ్లు కాచి పెట్టింది.

వాళ్లబ్బాయి తప్పేమీ లేదు. క్యాలెండర్లో తేదీ నొక్కితే ప్రోగ్రాముకు అందేది ఆ రోజు మొదలయ్యే మన అర్ధరాత్రి 12 గంటలు. దాన్ని దాచేటప్పుడు ఆ కుర్రాడు తేదీని అక్షరాల్లోకి మార్చే టూఐఎస్ఓస్ట్రింగ్ వాడి, మొదటి పది అక్షరాలు కత్తిరించుకున్నాడు. అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకున్న సమయం రాస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. 2024 మార్చి 1 శుక్రవారం కదా, ఆ అర్ధరాత్రి యూటీసీలో ఫిబ్రవరి 29 సాయంత్రం 6:30. అంటే గురువారం! తెర మీద శుక్రవారమే కనిపిస్తుంది, డేటాబేసులో గురువారం కూర్చుంటుంది. మరి టెస్టులో ఎందుకు దొరకలేదు? వాడు పగటిపూట, అప్పటి టైముతో పరీక్షించాడు. పొద్దున ఐదున్నర దాటితే రెండు చోట్లా తేదీ ఒకటే. నువ్వు అలా పగలు చూసి సరే అనుకుంటే నేను ఊరుకోను.

ఇంకోవైపు నుంచి కూడా దెబ్బ ఉంది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మానాన్నలకు గది బుక్ చేస్తారు. 2024-03-01 అనే రాతను నేరుగా డేట్‌కు ఇస్తే అది యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. న్యూయార్క్‌లో అప్పటికింకా గురువారం సాయంత్రం 7 గంటలు. గెట్‌డే వాళ్లకు 4 చూపిస్తుంది. రోజు కలపడానికి 24 గంటల మిల్లీసెకన్లు కూడా వద్దు. అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే నవంబర్ ఆదివారానికి 25 గంటలుంటాయి.

కాబట్టి తేదీని తేదీగానే, సంవత్సరం నెల రోజుగానే దాచు. వారం కావాలంటే ఆ మూడు అంకెలతో (నెలలోంచి 1 తీసేసి) డేట్ యూటీసీ కట్టి, వచ్చిన సంఖ్యను డేట్‌గా మార్చి గెట్‌యూటీసీడే అడుగు, రోజులు కలపాలంటే సెట్‌యూటీసీడేట్. ఒకసారి యూటీసీ, ఒకసారి మన టైము అని కలగాపులగం చేయకు తల్లీ.

రసీదు సంగతి కూడా. రాత్రి రెండింటికి రైలు దిగేవాళ్లు ఫోన్లో "గురువారం రాత్రి వస్తాం" అంటారు. కంప్యూటరుకు అది శుక్రవారం. మన పెద్దవాళ్లకు సూర్యోదయమైతేనే వారం మారుతుంది మరి. రసీదు మీద "గురువారం తెల్లవారితే శుక్రవారం, రాత్రి 2 గంటలకు" అని అచ్చేయించు. చిన్నప్పుడు తాతయ్యకు పంచాంగంలో వారం, తిథి గడగడా చదివి వినిపించేదానివి, ఈ మాట నీకు కొత్త కాదు.

రాత్రుళ్లు మేలుకుని రాస్తున్నావని కూడా విన్నాను. పడుకో. వచ్చే ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. గడియారం న్యూయార్క్ టైముకు పెట్టి నేనే గది బుక్ చేసి చూస్తాను. అత్తయ్య రాగిసంగటి చేస్తానంటోంది.

మీ మామయ్య