కాస్మిక్ కిరణాలు కొలవాలంటే ఏరోస్పేస్ చదవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అంతరిక్ష కేంద్రంలో కాస్మిక్ కిరణాలను (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ప్రోటాన్ల వంటి కణాలను) కొలిచే ఏఎంఎస్ అనే పరికరం గురించి చదివి, ఆ పనే చేస్తానంటోంది. ఏరోస్పేస్‌లో చేర్చమంటారా?
- ఒక తండ్రి, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ఏరోస్పేస్ వద్దండీ. రాకెట్ కట్టేవాళ్లు వేరు, అది మోసుకెళ్లే డిటెక్టర్‌తో కొలిచేవాళ్లు వేరు. అమ్మాయికి కావాల్సింది ఫిజిక్స్. పక్కనే ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్.

2011 మేలో అమర్చిన ఏఎంఎస్-02లో ఒక శాశ్వత అయస్కాంతం, కణం వెళ్లిన దారిని గుర్తించే 9 పొరల సిలికాన్ ట్రాకర్ ఉన్నాయి. అయస్కాంతంలో ప్రోటాన్ దారి ఎంత వంగిందో చూసి మొమెంటం లెక్కిస్తారు. శక్తి పెరిగేకొద్దీ వంపు తగ్గిపోతుంది. ప్రోటాన్లకు దాదాపు 2 టెరావోల్టుల (మొమెంటంను కణం విద్యుదావేశంతో భాగిస్తే వచ్చే కొలత) దగ్గర వంపూ, కొలతలో వచ్చే పొరపాటూ సమానమవుతాయి. ఎండకూ నీడకూ పొరలు కొన్ని మైక్రాన్లు జరిగినా లెక్క తప్పుతుంది కాబట్టి, వచ్చే కిరణాల దారులతోనే పొరల స్థానాలు సరిచూస్తుంటారు. ట్రాకర్‌ను చల్లబరిచే పంపులు పాడైతే 2019 నవంబర్ నుంచి 2020 జనవరి దాకా 4 స్పేస్‌వాక్‌లు చేసి కొత్తవి బిగించారు. ఈ రంగంలో రోజువారీ పని ఎక్కువగా ఇలాంటిదే. నక్షత్రాలు చూస్తూ కూర్చోవడం కాదు.

దారి: తిరుపతి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) మనకు దగ్గర. ఈఏపీసెట్ ర్యాంకు అక్కడ చెల్లదు, ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి. అందులో బయాలజీ కూడా ఉంటుంది, ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. సీటు రాకపోతే కడపలోనో అనంతపురంలోనో బీఎస్సీ ఫిజిక్స్ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆ దారి తక్కువదేం కాదు. తర్వాత జెస్ట్ ప్రవేశ పరీక్షతో గానీ, టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) పరీక్షతో గానీ పీహెచ్‌డీ. మొత్తం పదేళ్లు దాటుతుంది, ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోండి.

ఈ పని తనకు పడుతుందో లేదో డిగ్రీ మొదటేడే ఒక చిన్న ప్రయోగంతో తేలుతుంది. కణం తగిలితే మెరిసే 10 సెంటీమీటర్ల చదరపు సింటిలేటర్ పలకలు రెండు, ఒక్కోదానికి ఆ మెరుపును విద్యుత్ పల్సుగా మార్చే ఒక సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ కావాలి. పలకలను ఒకదానిపై ఒకటి ఆనించి, రెండూ ఒకేసారి స్పందిస్తేనే లెక్కించాలి. నిమిషానికి వందకు కాస్త అటూఇటూ మ్యూయాన్లు (కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొంటే పుట్టే కణాలు) రావాలి. బాగా ఎక్కువొస్తే గదిలో లైటు ఆర్పి చూడాలి. లెక్క తగ్గిందంటే వెలుతురు దూరుతోందన్నమాట, నల్ల టేపు మళ్లీ చుట్టాలి. ఒక్కో పలకలో సెకనుకు 1000 దొంగ పల్సులు (కణం రాకుండానే వచ్చేవి), పల్సు వెడల్పు 100 నానోసెకన్లు అనుకుంటే, కాకతాళీయంగా కలిసేవే నిమిషానికి 12. మన మే నెల మధ్యాహ్నాల్లో ఈ రొద ఇంకా పెరుగుతుంది. అందుకే ప్రతి లెక్క పక్కనా ఉష్ణోగ్రత రాయాలి.