పవర్ స్టీరింగ్ పైపు జాయింట్‌లో ఆయిల్ కారుతుంటే పంపు మార్చాల్సిందేనా?

అప్పుడే పంపు మార్పించకండి. పద్దెనిమిదేళ్ల బండి, పంపు నుంచి బయల్దేరే పైపు మొదట్లో తడి, వారానికోసారి పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ తగ్గడం, మెకానిక్ చూడగానే పంపు పోయిందనడం... మీరు రాసినదంతా మూడేళ్ల కిందట నాకూ ఇలాగే జరిగింది. మాది 2003 మోడల్. మెకానిక్ మాట మీద పంపు మార్పించాను. పదిహేను రోజులు తిరగకుండా నేల మీద మళ్లీ అవే ఎర్రటి చుక్కలు. విప్పించి చూస్తే కొత్త పంపుకి పైపు బిగించే చోట పాత వాషర్లే వేసి బిగించారు. అసలు పోయింది ఆ రెండు రాగి వాషర్లే. అన్ని వేలు పోసినందుకు చాలా బాధపడ్డాను, అందుకే మీకు కాస్త వివరంగా చెబుతున్నాను.

ముందు లీకు ఎక్కడో తేల్చుకోండి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి చిమ్ముతుంది. అందుకని తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోవద్దు. ఇంజిన్ చల్లారాక డిగ్రీజర్ (జిడ్డు వదిలించే మందు) కొట్టి, బ్రష్షుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వండి. ఆ జాయింట్ మీద కొంచెం టాల్కం పౌడర్ చల్లండి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఇంట్లో ఎవరినైనా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని, మీరు టార్చి వేసి చూడండి. మా బండికి రెండు నిమిషాల్లోనే బోల్టు తల కింద, వాషర్ అంచు వెంబడి వెంట్రుకంత సన్నగా పౌడర్ తడిసింది. పంపు ఒళ్లంతా పొడిగానే ఉంది. వేలు పెట్టి మాత్రం తడమొద్దు. పక్కనే బెల్టు తిరుగుతుంటుంది. పైగా స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు ఆ పైపులో ప్రెషర్ వెయ్యి పీఎస్ఐ దాటుతుంది. మన కారు టైర్లో ఉండేది ముప్పై చిల్లరే.

తడి బోల్టు దగ్గరే ఉంటే అది బ్యాంజో బోల్టు, అంటే ఆయిల్ తన లోపలి నుంచే పోయే బోలు బోల్టు అయి ఉంటుంది. పైపు చివరి రింగుకి ఒకటి పైన, ఒకటి కింద వాషర్లుంటాయి. బిగించినప్పుడు నలిగి సందు మూసేవి అవే. ఒకసారి నలిగినవి రెండోసారి సరిగ్గా కూర్చోవు, కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. అదే సైజు రాగివో అల్యూమినియంవో తీసుకోండి. వాషర్ కూర్చునే చోట గీతలున్నాయేమో గోటితో రాసి చూడండి. కొన్ని బండ్లకు బోల్టు బదులు నట్టు, లోపల ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఉంటాయి. అప్పుడు ఆయిల్‌కి తట్టుకునే నైట్రైల్ ఓ-రింగే కావాలి, మామూలు స్పానర్ పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి కనుక నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరే వాడాలి.

లీకు ఆగలేదని ఇంకా ఇంకా బిగించొద్దు. పంపు ఒళ్లు అల్యూమినియం అయితే మర పోతుంది, అప్పుడు నిజంగానే పంపు మార్చాల్సి వస్తుంది. టార్క్, అంటే ఎంత బలంతో బిగించాలో, సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ముక్కలు ఊడి స్టీరింగ్ వాల్వులోకి పోతాయి. ఎం-సీల్ లాంటి ముద్దలు ఆ ప్రెషర్‌కి ఆగవు.

రబ్బరు, ఇనుప పైపు కలిసే చోట నొక్కి బిగించిన క్రింపింగ్ దగ్గర ఊరుతుంటే వాషర్లతో పని కాదు, హోస్ (ఆ పైపు మొత్తం) మార్చాలి. పాత బండికి హోస్ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట హైడ్రాలిక్ హోస్‌లు చేసే షాపులో చూపించండి. పాత ఫిట్టింగులు బాగుంటే వాటికే కొత్త రబ్బరు వేసి క్రింప్ చేసిస్తారు.

ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసుంటే అదే పోయండి. చాలా పాత బండ్లకు డెక్స్‌రాన్ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పడుతుంది, హోండాలకు మాత్రం వాళ్ల సొంత ఆయిలే కావాలి. ఆ తర్వాత లోపల చేరిన గాలి పోవడానికి ముందు చక్రాలు జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపే ఉంచి స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవైసార్లు నెమ్మదిగా తిప్పండి. ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండండి. స్టార్ట్ చేశాక డబ్బాలో నురగ కనిపిస్తే ఇంకా గాలి ఉన్నట్టే, కాసేపు ఆపి మళ్లీ తిప్పండి.

బాగు చేయించేదాకా ఆయిల్ రోజూ చూసుకోండి, తక్కువైతే పంపు మూలుగుతూ అరిగిపోతుంది. వేడి ఎగ్జాస్ట్ మీద చుక్కలు పడుతుంటే బండి అసలు తీయకండి, అంటుకునే ప్రమాదం ఉంది. పౌడర్ చల్లాక ఎక్కడ తడిసిందో ఫోటో పెడితే చూసి చెబుతాను.