రివ్యూ రాస్తే నా ఆరోగ్యం సంగతి బయటపెట్టారు

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. జుట్టు రాలుతోందని ఇక్కడొక క్లినిక్‌లో 18,000 రూపాయలు కట్టి ఆరు సిట్టింగుల ప్యాకేజీ తీసుకున్నాను. మూడు అయ్యాక నాలుగోదానికి రేపు మాపు అంటూ తిప్పించారు. అదే గూగుల్‌లో రాసి, చివర ‘మోసగాళ్లు’ అన్నాను. దాని కింద యజమాని నా ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు, నాకు పీసీఓడీ (అండాశయాల సమస్య) ఉందన్న సంగతి రాసేశారు. మా అత్తగారి దాకా వెళ్లింది. అడిగితే ‘ముందు బజారుకెక్కింది మీరే, రివ్యూ తీయకపోతే పరువు నష్టం దావా వేస్తాం’ అంటున్నారు. తప్పు నాదేనా?

జవాబు: కాదమ్మా. మీరు బజారులో పెట్టింది వాళ్ల పనితనాన్ని. వాళ్లు పెట్టింది మీ ఒంటి సంగతిని. ఈ రెండూ ఒకటి కావు. క్లినిక్ ఫారంలో మీరు పీసీఓడీ అని రాసింది వైద్యం కోసం. గొడవ వచ్చినరోజు మీ మీదికి విసరడానికి కాదు.

మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఆ జవాబును తేదీ, లింకు కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నోటీసు అందగానే చాలామంది చెరిపేస్తారు. బిల్లు, వాట్సాప్ సందేశాలు కూడా దాచండి. ఆ తర్వాతే గూగుల్‌కు ఫిర్యాదు చేసి దాన్ని తీయించండి.

ఇక చట్టం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి మన బెంగళూరులోనే ఉండి, 2024లో కన్నుమూసిన రిటైర్డ్ హైకోర్టు జడ్జి. అయితే ఆ తీర్పు ముఖ్యంగా ప్రభుత్వానికి కళ్లెం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం గురించి కూడా మీరు విని ఉంటారు. దాని కింద వేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది, మీ చేతికి రాదు. అందుకే మిమ్మల్ని ఆ దారిన పంపను.

మీకు పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. వినియోగదారు నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం ఒప్పుకోని విధంగా ఇతరులకు వెల్లడిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అని సెక్షన్ 2(47)లో స్పష్టంగా ఉంది. మిగిలిన మూడు సిట్టింగుల డబ్బు, ఈ వెల్లడికి పరిహారం, రెండూ ఒకే ఫిర్యాదులో అడగండి. క్లినిక్ ఎక్కడున్నా మీరు ఉంటున్న చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. కన్నడ రాదని జంకకండి, ఇంగ్లిషులో రాసిస్తే చాలు. ముందు రాజీకి ప్రయత్నించాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీకు వైద్యం చేసింది రిజిస్టరైన డాక్టరైతే కర్ణాటక మెడికల్ కౌన్సిల్‌కు కూడా రాయండి. రోగి రహస్యం కాపాడటం వాళ్ల వృత్తి నియమం. హాని కలగాలనే బయటపెట్టారని చూపగలిగితే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం సెక్షన్ 72ఎ కింద మూడేళ్ల దాకా జైలు కూడా పడవచ్చు. వాళ్లు బయటపెట్టిన మీ నంబరుకు అసభ్యమైన ఫోన్లు వస్తుంటే ఆగకుండా పోలీసుల దగ్గరికి వెళ్లండి.

ఈ మాట వ్యాపారులు కూడా వినాలి. ‘జాప్యానికి క్షమించండి, రేపు మేమే ఫోన్ చేస్తాం’ అని రాసి ఉంటే ఆ క్లినిక్ పరువు నిలబడేది. ఇప్పుడు అక్కడికి వెళ్లే ప్రతి ఆడపిల్లా ఫారం నింపేముందు భయపడుతుంది.

పరువు నష్టం బెదిరింపుకు లొంగి రివ్యూ తీయకండి. మీకు జరిగింది జరిగినట్టు, నలుగురి మేలు కోసం రాస్తే చట్టం కాపాడుతుంది. కానీ ‘మోసగాళ్లు’ అన్న మాటను నిరూపించాల్సి వస్తుంది. ఆ ఒక్క మాట తీసేసి, దాని స్థానంలో నాలుగో సిట్టింగు కోసం మీరు ఫోన్ చేసిన తేదీలు పెట్టండి.