బుజ్జికి మావయ్య రాసేది: ఏ బ్రౌజర్ వేసుకోవాలంటే

బుజ్జీ,

మీ నాన్న చెరువులో రొయ్యలకి వైట్‌స్పాట్ జబ్బు వచ్చిందేమోనని ఒక్కసారి నెట్‌లో వెతికితే, ఆ తర్వాత ఏ సైటు తెరిచినా మేత యాడ్సూ, చెరువు నీళ్లలో గాలి ఆడించే ఏరేటర్ల యాడ్సూ వస్తున్నాయన్నావు. ఇందులో మాయేం లేదు. వందల సైట్లలో అదే యాడ్ కంపెనీ కోడ్ కూర్చుని ఉంటుంది. మీ బ్రౌజర్‌లో, అంటే సైట్లు తెరిచే యాప్‌లో, అది దాచిన కుకీ అనే చిన్న గుర్తు ఫైలుని బట్టి, అక్కడా ఇక్కడా తిరిగింది మీరేనని పోల్చేస్తుంది.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో అనే ప్రైవేటు కిటికీలో చూస్తే సరిపోదా అన్నావు, సరిపోదు. ఆ కిటికీ మూశాక మీ కంప్యూటర్‌లో హిస్టరీ, కుకీలు మిగలవు, అంతే. అమ్మకి తెలియకుండా చీర కొనడానికి పనికొస్తుంది. మీరు చూసే సైటుకీ, నెట్ ఇచ్చే కంపెనీకీ మాత్రం కనిపిస్తూనే ఉంటారు.

నీకైతే ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ వేసుకోమంటాను. 2022 నుంచి కంప్యూటర్‌లో అది ఏ సైటు కుకీలను ఆ సైటుకే పరిమితం చేస్తోంది, మనం సెట్టింగులు మార్చక్కర్లేదు. దానికి యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి కలిపే చిన్న ప్రోగ్రాం) తగిలించు. నాకు బాగా నచ్చేదేంటంటే, ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ అది పనిచేస్తుంది. ఫోన్‌లోని క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లే ఉండవు. కంప్యూటర్ క్రోమ్‌లోనూ ఎక్స్‌టెన్షన్లకి గూగుల్ పెట్టిన కొత్త నిబంధనల వల్ల అసలు యూబ్లాక్ పోయి, లైట్ రకం మిగిలింది. చెరువు గట్టు మీద సిగ్నల్ ఎలాగూ అంతంతమాత్రం. యాడ్స్ లోడవ్వకపోతే పేజీ తొందరగా వస్తుంది, డేటా కూడా మిగులుతుంది.

ఫైర్‌ఫాక్స్ కూడా సెర్చ్‌కి గూగుల్‌నే ముందు పెడుతుంది, దాని ఆదాయంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే మరి! సెట్టింగుల్లో దాని బదులు డక్‌డక్‌గో అనే సెర్చ్ సైటు పెట్టుకో.

మీ నాన్న సెట్టింగుల జోలికి వెళ్లే మనిషి కాదు. ఆయన ఫోన్‌లో బ్రేవ్ అనే బ్రౌజర్ వేసెయ్. వేసిన క్షణం నుంచే యాడ్స్, మన వెంటపడి గమనించే ట్రాకర్లు ఆగుతాయి. లోపల రివార్డ్స్, క్రిప్టో వాలెట్ అని ఏవో కనిపిస్తాయి, వాటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పు. అన్నయ్యది ఐఫోన్ కదా, మన దేశంలో అక్కడ ఏ బ్రౌజర్ వేసినా పేజీని తెరిచి చూపించే లోపలి ఇంజిన్ ఆపిల్‌దే. అందులో ముందే ఉన్న సఫారీనే ఉంచుకుని, యాడ్స్ ఆపే ఒక కంటెంట్ బ్లాకర్ యాప్ పెట్టుకుంటే చాలు. టార్ అనే బ్రౌజర్ సంగతి కూడా అడిగావు. అది మనిషి ఎక్కడున్నాడో దాచడానికి బాగుంటుంది గానీ నెమ్మది. బ్యాంకు పనికి అసలు వాడకు, ఏ దేశం నుంచో లాగిన్ అయినట్టు కనిపించి ఖాతా ఆపేసినా ఆపేస్తారు.

ఎప్పుడైనా బ్యాంకు సైటో, పొలం కాగితాల కోసం తెరిచిన మీభూమి సైటో సరిగ్గా రాకపోతే బ్రౌజర్‌ని తిట్టుకుని వదిలెయ్యకు. అడ్రస్ పక్కన డాలు బొమ్మ నొక్కి, ఆ ఒక్క సైటుకి రక్షణ తీసేసి చూడు. అప్పటికీ రాకపోతే ఆ సైటుకి యూబ్లాక్ కూడా ఆపు. గూగుల్‌లో లాగిన్ అయి యూట్యూబ్ చూస్తే మాత్రం నువ్వేం చూశావో గూగుల్‌కి తెలుస్తుంది, దానికి ఏ బ్రౌజరూ ఏమీ చెయ్యలేదు.

బుక్‌మార్కులు, పాస్‌వర్డులు క్రోమ్ నుంచి తెచ్చుకునే ఏర్పాటు కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లోనే ఉంది. ఫోన్ సెట్టింగుల్లో డిఫాల్ట్ బ్రౌజర్‌గా కొత్తదాన్ని పెట్టడం మరిచిపోకు, లేకపోతే వాట్సాప్‌లో వచ్చే లింకులన్నీ మళ్లీ పాతదాంట్లోకే వెళ్తాయి. క్రోమ్‌ని ఇప్పుడే తీసెయ్యకు, అలవాటయ్యేదాకా రెండూ ఉండనీ.

మీ మావయ్య,
అమలాపురం